వరద పంటను తీసుకెళ్తుంది, అప్పును కాదు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. బూర్గంపాడు మండలంలో బడికెళ్లే పిల్లలకు కూడా ఈ మూడు అంకెలు కంఠతా వచ్చు. జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ పొద్దున్నే వినబడే మొదటి మాట "గోదారి ఎన్నడుగులుంది?" అనే. 1986 ఆగస్టులో ఆ మట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలై 16న 71.3 అడుగులకు వచ్చింది. ఆ రెండుసార్లూ నదీతీరపు ఊళ్లు, పొలాలు నీళ్లలో మునిగాయి.

బూర్గంపాడు చిక్కు ఒక్క గోదావరితోనే కాదు. మేడారం, తాడ్వాయి కొండల్లో పుట్టి, అడవిలో పారి, పాల్వంచ దగ్గరి జలాశయం దాటి వచ్చే కిన్నెరసాని ఈ ఊరి దగ్గర్లోనే గోదావరిలో కలుస్తుంది. పెద్ద నది నిండుగా పారుతున్నప్పుడు చిన్న ఏరు అందులోకి దిగలేదు. నీళ్లు ఎగదన్నుతాయి. అలా ఎగదన్నిన నీరు వాగుల వెంట లోపలికి వచ్చి, చేలల్లో రోజుల తరబడి నిలబడిపోతుంది. నది తీసే వేళకు పత్తి వేళ్లు కుళ్లిపోయి ఉంటాయి. కొన్ని చేలల్లో మంచి ఒండ్రు మిగులుతుంది, కొన్నింటిలో ఇసుక మేట వేస్తుంది.

ఎండాకాలం వచ్చేసరికి సంగతి తలకిందులవుతుంది. అదే మండలంలో, అడవి అంచున ఉన్న గూడేల్లో ఏప్రిల్ నాటికి బోర్లు సన్నగిల్లుతాయి, చేదబావులు అడుగంటుతాయి. ఆగస్టులో నీళ్లను చూసి పారిపోయిన మనిషే మే నెలలో బిందె పట్టుకుని నీళ్ల కోసం నడుస్తాడు.

ఇలాంటి చోట నేలను, నీటిని కాపాడుకోవడం అంటే ఏమిటి? సంఘాలుగా మనకు అందులో పని ఏమైనా ఉందా? ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం.

మన చేతిలో ఉన్నదేది?

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. గోదావరి పరీవాహక ప్రాంతం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. మహారాష్ట్రలోనూ ఛత్తీస్‌గఢ్‌లోనూ కురిసిన వాన కొన్ని రోజులకు మన గడప ముందుకు వస్తుంది. అంత నీటిని ఒక ఊరు వేసుకున్న గట్టు ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కరకట్టలు, ముంపు పరిహారం, సకాలంలో హెచ్చరిక, మెరక మీద ఇళ్ల స్థలాలు, ఇవన్నీ ప్రభుత్వాలు చేయవలసినవి. వాటిని అడగడం మన హక్కు, అడుగుతూనే ఉండాలి. 2014లో పోలవరం ముంపు కారణంగా ఈ మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఇరుగుపొరుగు ఊళ్లు రెండు రాష్ట్రాలయ్యాయి. నీళ్లకు ఆ సరిహద్దు తెలియదు గనుక రెండు ప్రభుత్వాలనూ అడగవలసి వస్తోంది.

అయితే వరద తెచ్చే నష్టంలో నీళ్ల వల్ల వచ్చేది సగమే. మిగతా సగం నీళ్లు రాకముందే మన ఇంట్లో ఉంటుంది.

ఎకరం పత్తి వేసే రైతును తీసుకోండి. జూన్‌లో విత్తనాలు, ఎరువులు అప్పు మీద తెస్తాడు. మొక్క చేతికందే ఎత్తుకు వచ్చేసరికి పురుగు కనబడుతుంది. మందుల కొట్టుకు వెళ్తాడు. అక్కడా అప్పే. ఒకసారి కొట్టిన మందు పనిచేయకపోతే మరొకటి, అదీ కాకపోతే రెండు కలిపి. ఇంతలో వరద వచ్చి చేను మునుగుతుంది. విత్తనం పోయింది, ఎరువు పోయింది, మందు పోయింది, కూలి పోయింది. అప్పు మాత్రం వరదలో కొట్టుకుపోదు. వడ్డీతో సహా ఒడ్డునే కూర్చుని ఉంటుంది. మన ప్రాంతంలో రైతు కుటుంబాలను కూల్చింది చాలాసార్లు వరదకన్నా, కరువుకన్నా ఆ అప్పే. ప్రాణాలు తీసుకున్న అన్నదమ్ముల ఇళ్లకు ఓదార్పు చెప్పడానికి వెళ్లిన కాపరులకు ఈ సంగతి మనం చెప్పనక్కరలేదు.

కాబట్టి ఒక ఊరు దెబ్బను తట్టుకొని నిలబడాలంటే మూడు ఉండాలి. నేలలో పెట్టిన డబ్బు తక్కువగా ఉండాలి. వరద తీసిన తర్వాత కూడా నేలలో సారం మిగలాలి. ఒక పంట పోతే తిండికీ మేతకూ రెండో ఆసరా ఉండాలి. ఈ మూడూ చాలావరకు ఊరి చేతిలో ఉన్నవే. ఆ మాట గాలిలో చెప్పడం లేదు. దీనికి సాక్ష్యం బూర్గంపాడు పక్కనే ఉంది.

పునుకుల చెప్పిన పాఠం

పాల్వంచ మండలంలో పునుకుల అనే చిన్న ఊరు ఉంది. ఇరవై అయిదేళ్ల కింద అక్కడ కూడా పత్తి, మిర్చి, మందులు, అప్పులే. మందులు అప్పుగా ఇచ్చే వ్యాపారికే పంట అమ్మాలి, అతడు చెప్పిన ధరకే అమ్మాలి. ఎంత పండినా లెక్క చూస్తే చేతికి వచ్చేది తక్కువ. మందు కొట్టి వచ్చిన మనిషికి తల తిరగడం, వాంతులు, ఒంటి మంటలు మామూలైపోయాయి.

1999 ప్రాంతంలో 'సెక్యూర్' అనే స్వచ్ఛంద సంస్థ, హైదరాబాదులోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ సహాయంతో, పురుగుమందులు లేకుండా పైరును కాపాడుకునే పద్ధతులను అక్కడ పరిచయం చేసింది. మొదట ఒప్పుకున్నవారు కొద్దిమందే. మిగతావాళ్లు గట్టు మీద నిలబడి చూశారు. చూసినవారిలో మరుసటి ఏడాది మరికొందరు కలిశారు. మహిళా పొదుపు సంఘాలు రంగంలోకి దిగాక పని ఊపందుకుంది. మందుల ఖర్చు ఎంత అవుతుందో, ఆ డబ్బు ఇంట్లో ఏయే అవసరాలను మింగుతుందో ఆడవాళ్లకు బాగా తెలుసు. వేపగింజలు పొడి చేసే యంత్రాన్ని తెచ్చుకుని వాళ్లే నడిపారు. 2004 నాటికి ఊరు ఊరంతా పురుగుమందులు మానేసింది. తమది పురుగుమందులు లేని ఊరని పంచాయతీ ప్రకటించింది. మందుల వ్యాపారులు ఊళ్లోకి రావద్దని తీర్మానించింది.

పునుకుల రైతులు వాడినవి మంత్రాలు కావు. వేసవి దుక్కులు దున్నితే నేలలో దాగిన కోశాలు పైకి వచ్చి ఎండకు చస్తాయి, పక్షులకు దొరుకుతాయి. చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్న వేస్తే పక్క చేలనుంచి వచ్చే రసం పీల్చే పురుగులకు అడ్డుగోడ అవుతుంది. మధ్య మధ్య ఆముదం మొక్కలు పెడితే లద్దె పురుగు తల్లి ముందు వాటి మీదనే గుడ్లు పెడుతుంది. ఆ ఆకులు తుంచి పారేస్తే సరి. బంతి మొక్కలు పచ్చపురుగును తమ వైపు లాగుతాయి. పసుపు రంగు పూసి జిగురు రాసిన పళ్లాలకు తెల్లదోమ అంటుకుంటుంది. పక్షులు వాలడానికి కొమ్మలు పాతితే అవి రోజంతా పురుగులు ఏరుకు తింటాయి. ఇవన్నీ చేశాక కూడా పురుగు మిగిలితే అప్పుడు వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం.

పునుకులలో నేర్చుకున్నది అక్కడితో ఆగలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతులను ఎన్నో జిల్లాలకు తీసుకెళ్లింది. జనగామ దగ్గరి ఏనబావి మరో అడుగు వేసి ఎరువులు కూడా మానేసింది. ఆ దారిలోనే పెరిగిన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం వచ్చింది. ప్రపంచం మెచ్చిన ఆ పనికి తొలి అడుగులు పడిన చోట్లలో ఒకటి మన పక్క మండలమే. ఈ సంగతి మన సంఘాల్లో ఎందరికి తెలుసు?

ఒక్కడి వల్ల ఎందుకు కాదు?

ఇక్కడే అసలు సంగతి ఉంది. పునుకుల గురించి విన్న రైతు ఒక్కడే తన రెండెకరాల్లో మందు మానేస్తే ఏమవుతుంది? చాలాసార్లు ఓడిపోతాడు. కారణం అతడి చేతగానితనం కాదు.

తల్లిపురుగు గట్టు చూసి ఆగదు, ఎగిరి వస్తుంది. మన చేలో అక్షింతల పురుగు, సాలీడు వంటి మిత్ర పురుగులు పెరిగితే, పక్క చేలో కొట్టిన మందు గాలికి వచ్చి వాటిని చంపుతుంది. మన వాగులో పక్కవాడి డబ్బా కడిగిన నీళ్లు పారతాయి. పై చేను రైతు గట్టు వేయకపోతే అతడి మట్టి మన పొలం మీదుగా వెళ్లి చెరువులో పూడిక అవుతుంది. నేల మనదే కావచ్చు, దాని మంచిచెడ్డలు మాత్రం పక్కవాడితో కలిసే ఉంటాయి.

ఎర్రగొంగళి పురుగు దీనికి మంచి ఉదాహరణ. దాని కోశాలు ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోనే ఉంటాయి. తొలకరి వాన పడగానే తల్లిపురుగులు ఒక్కసారిగా బయటికి వస్తాయి. వాటికి వెలుతురంటే ఆశ. ఆ సాయంత్రం పొలాల్లో మంట వేస్తే వచ్చి అందులో పడతాయి. ఒక్క రైతు వేస్తే ఊరి పురుగులన్నీ అతడి చేనుకే వస్తాయి. అందరూ ఒకే సాయంత్రం వేస్తే గుడ్లు పెట్టకముందే చాలా భాగం పోతాయి. తెలంగాణలో 1990ల తొలి ఏళ్లలో స్వచ్ఛంద సంస్థలు ఊళ్లకు ఊళ్లను కలిపి ఈ పని చేయించాయి. దానికి అయ్యే ఖర్చు కాసింత చెత్త, నాలుగు కట్టెలు. కావలసింది ఒక్కటే, ఊరంతా ఒకే సాయంత్రం కదలడం.

ఒకే రోజు, ఒకే వేళ, ఒకే చోట కూడడం అలవాటున్న జనం మన ఊళ్లలో ఎవరు? ఎవరికి గంట ఉంది? ఎవరికి వారం వారం అందరినీ చూసే కూడిక ఉంది? సంఘాలుగా మనకు ఇందులో పని ఉందా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. అయితే ఆ గంట మన సభ్యుల కోసమే మోగితే పని జరగదు. గొంగళి పురుగుకు మతం లేదు. కోయ గూడెం పెద్దలు, పంచాయతీ, మహిళా సంఘాలు, పక్క వీధి రైతులు, అందరూ కలిస్తేనే అది ఊరి పని అవుతుంది.

పడిన చోటే నీటిని ఆపడం

ఇప్పుడు నీటి లెక్క చూద్దాం. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన కురిస్తే అది దాదాపు 4,000 లీటర్లు. ఏడాదికి 1,000 మిల్లీమీటర్లు కురిస్తే ఎకరానికి 40 లక్షల లీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. గట్టిబడిన నేల మీద పడిన వాన మట్టిని కోసుకుంటూ వాగులోకి పోతుంది. అంటే మనం మే నెలలో వెతికే నీళ్లు ఆగస్టులోనే మన పొలం దాటి వెళ్లిపోయాయి, పోతూ పోతూ మన ఎరువును కూడా తీసుకెళ్లాయి.

దీన్ని ఆపే పనులు పెద్దవేమీ కావు. వాలుకు అడ్డంగా దున్నడం. వాలుకు అడ్డంగానే గట్టు వేసి, దాని మీద గడ్డి, కంది, ఆముదం పెట్టడం. మెరక చేలల్లో కందకాలు తవ్వడం. పొలంలో పల్లపు మూల ఒక నీటి కుంట. వాగులో అక్కడక్కడ రాళ్ల అడ్డుకట్టలు. ఉపాధి హామీ మొదలైన 2006 నుంచి ఇలాంటి పనులు ఎన్నో ఊళ్లలో జరిగాయి. ఎక్కడ ఏ పని కావాలో గ్రామసభలో కూర్చుని చెప్పినవారి ఊళ్లో అవి ఉపయోగపడ్డాయి. ఎవరూ వెళ్లని గ్రామసభలో రాసుకున్న పనులు కాగితం మీద ఉండిపోయాయి.

చెరువు పూడిక మరో ఆస్తి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తెలంగాణ చెరువుల్లో పూడిక తీశారు. ఆ మట్టిని రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్లలో చేలకు తోలుకున్నారు. చెరువు మట్టిలో ఏళ్ల తరబడి పొలాల నుంచి కొట్టుకొచ్చిన సారం ఉంటుంది. చెల్క నేలలో వేస్తే తేమ ఎక్కువ రోజులు ఆగుతుంది. మన నేల నుంచి పోయినదాన్ని తిరిగి మన నేలకే తెచ్చుకోవడం అది.

ముంపు చేలకు మాత్రం వేరే జాగ్రత్త కావాలి. అక్కడ నీటిని ఆపడం కాదు, తీయగానే బయటికి పోనివ్వడం ముఖ్యం. పొలం కాలువల్లో పెరిగిన తుంగ, గుర్రపుడెక్క తీయకపోతే, మురుగు కాలువను ఎవరో కొంచెం కొంచెంగా దున్ని కలుపుకుంటే, రెండు రోజుల్లో పోవలసిన నీరు వారం నిలుస్తుంది. పైరు బతకడానికీ చావడానికీ మధ్య తేడా చాలాసార్లు ఆ నాలుగు రోజులే.

చెట్ల సంగతి కూడా చెప్పాలి. సారపాకలో కాగితపు మిల్లు ఉండడంతో ఈ చుట్టుపక్కల జామాయిల్, సుబాబుల్ తోటలు చాలా పెరిగాయి. వాటివల్ల డబ్బు వస్తుంది, కూలిపని తక్కువ. కానీ ఊరి చుట్టూ ఒకే చెట్టు నిండితే మేత దొరకదు, వేపగింజ దొరకదు, ఇప్పపువ్వు దొరకదు. బావికీ వాగుకూ దగ్గరగా జామాయిల్ వేస్తే నీటి కరువు ఉన్నచోట అది ఇంకొక నోరు. తోట వేసుకునే రైతు కూడా గట్ల మీద వేప, కానుగ, వెదురు, చింత పెట్టుకుంటే ఒక ఆదాయం పోయినా మరొకటి ఉంటుంది. పోడు భూమికి 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా పొందిన కుటుంబాలకు ఈ మాట మరీ ముఖ్యం. వాలు నేలలో రాతి గట్లు లేకుండా ఏడేడు పత్తి వేస్తే ఎన్నో ఏళ్లు పోరాడి తెచ్చుకున్న ఆ భూమిలో చివరికి రాళ్లే మిగులుతాయి.

పూడిన బావులు, పాత పేర్లు

ఈ నదికీ ఇక్కడి సంఘానికీ పాత బంధం ఉంది. 1860లో దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ వారి కోయ మిషను మొదలైంది. దానికి కారకుల్లో ఒకరు గోదావరి పనుల మీద వచ్చిన ఇంజనీరు కెప్టెన్ హేగ్. ఎగువ గోదావరిని పడవలు నడిచే దారిగా చేయాలన్నది అప్పటి ప్రభుత్వ పథకం. ఖర్చు పెరిగి 1871లో ఆ పథకం ఆగిపోయింది. పడవల దారి రాలేదు, కానీ ఆనకట్ట మిగిలింది, సంఘమూ మిగిలింది. 2024 ఆగస్టు 15న ప్రారంభమైన సీతారామ ఎత్తిపోతల పథకం నీళ్లు తీసుకునేది ఆ దుమ్ముగూడెం ఆనకట్ట దగ్గరే. పెద్ద పథకాలు వస్తుంటాయి, ఆగుతుంటాయి, మళ్లీ వస్తుంటాయి. వాటి కోసం ఎదురుచూస్తూ ఊరి కుంటను పూడిపోనివ్వడం తెలివైన పని కాదు.

ఆదికాండములో ఇస్సాకు కథ మనకు తెలిసిందే. తండ్రి అబ్రాహాము కాలంలో తవ్విన బావులను ఫిలిష్తీయులు మట్టితో పూడ్చేశారు. ఇస్సాకు వాటిని మళ్లీ తవ్వించాడు, తండ్రి పెట్టిన పేర్లనే పెట్టాడు. కొత్త బావి తవ్వితే అక్కడి కాపరులు మాదంటే మాదని తగవుకు వచ్చారు. ఇంకొకటి తవ్వితే దానికీ తగవే. మూడో బావి దగ్గర గాని తగవు తీరలేదు. ఈ కథను మనం ఎక్కువగా ఓర్పు గురించి బోధిస్తాం. రైతు చెవితో వింటే అందులో ఇంకో మాట ఉంది. పాత నీటి వనరును బాగుచేసుకోవడం కూడా విశ్వాసి చేయదగిన పనే. ఆ పనిలో పొరుగువాడితో తగవు వస్తే, తవ్వడం మానకుండానే సమాధానం వెతుక్కోవాలి. మన ఊళ్లో పూడిన కుంటకు ఒక పేరు ఉంటుంది. ఆ పేరు తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను అడగండి.

కోయ గూడేల్లో కొత్త పంటను ముట్టే ముందు కొత్తల పండుగ చేసే ఆచారం ఉంది. మనం కోత పండుగకు ప్రథమ ఫలాలు తెచ్చి బలిపీఠం ముందు పెడతాం. రెండింటిలోనూ ఒకే ఎరుక ఉంది: పంట మనం తయారుచేసిన వస్తువు కాదు, మనకు అందినది. అలా అందినదాన్ని ఇచ్చిన నేలను విషంతో నింపి, ఆ నేలలో పండినదాన్ని కృతజ్ఞతార్పణగా తీసుకురావడం గురించి మనం ఒకసారి ఆలోచించాలి.

ఏడాది పొడుగునా సంఘం చేయగల పని

ఇది ఒక్క ప్రసంగంతో తీరేది కాదు. వ్యవసాయ సంవత్సరాన్ని పట్టుకుని నడిస్తే పని సులువవుతుంది.

ఈస్టరు తర్వాత, ఏప్రిల్, మే నెలల్లో: వేసవి దుక్కులు, పూడిక మట్టి తోలడం, కాలువల్లో కలుపు తీయడం. ట్రాక్టరు ఉన్న సభ్యుడు లేనివారికి రెండు గంటలు దున్నిపెట్టగలడు. చర్చి ఆవరణలో ఇంకుడు గుంత తవ్వడానికి ఇదే సమయం. 1,000 చదరపు అడుగుల పైకప్పు మీద 1,000 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 93 వేల లీటర్ల నీళ్లు. అవి ఇప్పుడు గొట్టం గుండా రోడ్డు మీదికి పోతున్నాయి.

జూన్‌లో: తొలకరి పడిన సాయంత్రం ఊరంతా మంటలు. వేపపండ్లు రాలే కాలం కూడా ఇదే. సండే స్కూల్ పిల్లలు, యువజనులు, స్త్రీల మైత్రి సభ్యులు గింజలు ఏరి, కడిగి, నీడలో ఆరబెట్టి, గాలి తగిలే సంచుల్లో దాచాలి. ఎకరానికి 5 కిలోల గింజల పొడి చాలు. దాన్ని గుడ్డలో మూటగట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున పిండి వడగట్టి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, 100 లీటర్ల వరకు నీళ్లు పోసి సాయంత్రం వేళ కొట్టాలి. కలిపిన రోజే వాడాలి, నిలవ ఉంటే బలం పోతుంది.

జూలై, ఆగస్టు నెలల్లో: ముంపు ఊళ్లలో ప్రతి ఇంటి పట్టా కాగితాలు, బ్యాంకు పుస్తకాలు, మరో దఫా విత్తడానికి సరిపడే విత్తనాలు మెరక మీది ఇంట్లోనో మందిరంలోనో ముందుగానే చేరాలి. పశువులను ఎక్కడికి తోలాలో, ముసలివాళ్లను ఎవరు తీసుకెళ్లాలో పేర్లు రాసిపెట్టుకోవాలి. మెరక ఊరి సంఘం ముంపు ఊరి సంఘానికి గడ్డివాము మాట ఇవ్వాలి.

సెప్టెంబరు నుంచి కోతల దాకా: వారానికి ఒక సాయంత్రం నలుగురు రైతులు కలిసి ఒకరి చేను చూడడం. ఏ పురుగు ఉంది, ఏ మిత్ర పురుగు ఉంది, మందు నిజంగా అవసరమా అని లెక్కచూసుకోవడం. కోత పండుగ రోజు పంటతో పాటు విత్తనం కూడా తేవడం, అది వచ్చే ఏడాదికి లేనివారికి పంచడం.

రైతుల సందేహాలు

ఈ మాటలు చెబితే రైతులు అడిగే ప్రశ్నలు మాకు తెలుసు. అవి న్యాయమైనవే.

"దిగుబడి పడిపోతే?" ఆ భయం ఉన్నవారు మొత్తం పొలంలో మొదలుపెట్టవద్దు. పునుకులలో కూడా కొద్దిమందితోనే మొదలైంది. అరెకరంలో చేయండి. అయితే పక్కపక్క చేలవాళ్లు నలుగురు కలిసి ఒకే తుంటలో చేయండి. వచ్చిన పంటను మాత్రమే కాకుండా, పెట్టిన ఖర్చు తీసివేశాక మిగిలినదాన్ని పుస్తకంలో రాసుకోండి.

"పని ఎక్కువ కదా?" నిజమే. కషాయం కాయడం కొట్టుకెళ్లి సీసా తెచ్చినంత సులువు కాదు. ఆ పని భారం ఇంటి ఆడవాళ్ల మీద పడే ప్రమాదం ఉంది. పునుకుల మహిళలు యంత్రం తెచ్చుకున్నది అందుకే. ఒక సంఘం తన కోత పండుగ కానుకల్లో కొంత తీసి అలాంటి యంత్రం కొంటే అది మందిరానికి రంగులు వేయడంకన్నా తక్కువ పరిచర్య కాదు.

"కౌలు చేసేవాడికి ఇవన్నీ ఎలా?" ఇది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. వచ్చే ఏడాది ఈ చేను ఎవరిదో తెలియనివాడు గట్టు వేయడు, మట్టి తోలడు. దీనికి జవాబు కౌలుదారు దగ్గర లేదు, భూమి ఉన్నవారి దగ్గర ఉంది. ఏజెన్సీ భూచట్టాలకు లోబడి, సంఘానికి గాని సభ్యులకు గాని కౌలుకిచ్చే భూమి ఉంటే, ఏడాదికి ఒకరికి మార్చకుండా నాలుగైదేళ్లు ఒకరికే ఇవ్వండి. వరద వచ్చిన ఏడాది కౌలు తగ్గిస్తామని ముందే మాట ఇవ్వండి. నేలను కాపాడే పనిలో ఇంతకన్నా పెద్ద సాయం లేదు.

మళ్లీ జూలై వస్తుంది. మళ్లీ గోదావరి అడుగులు లెక్కపెట్టుకుంటాం. ఆ అంకె మన చేతిలో లేదు. మన పొలాల మీద ఎంత అప్పు ఉంది, కుంటలో ఎన్ని అడుగుల పూడిక ఉంది, గట్ల మీద ఎన్ని వేపచెట్లు ఉన్నాయి అన్న అంకెలు మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత, ఇళ్లకు వెళ్లే ముందు, పక్కపక్క చేలున్న నలుగురు మందిరం మెట్ల మీద కూర్చుని ఆ అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ నలుగురిలో కనీసం ఒకరు మన సంఘం బయటివారైతే ఇంకా మంచిది.